ఏ బేకరీవండీ

వేరుశనగ గుళ్ళు సన్నసెగ మీదే వేయించాలి. మంట కాస్త పెద్దదైతే పైన పొట్టు మాడిపోతుంది, లోపల గింజ పచ్చిగానే ఉంటుంది. ఆ సంగతి ఒకసారి అనుభవమయ్యాక విశ్వేశ్వర్ మూకుడు ముందు నుంచి కదలడం మానేశాడు. గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ, మధ్యమధ్య ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపి చూస్తున్నాడు. పొట్టు తనంతట తనే ఊడి రావాలి. వచ్చింది. పొయ్యి కట్టేసి, గుళ్ళని పాత తువ్వాలులో పోసి మూటకట్టి రుద్దాడు. బాల్కనీలోకి వెళ్ళి చేటలో చెరిగితే పొట్టు లేచి, కింద నిలబెట్టిన కార్ల మీదికి ఎగిరింది.

"నాన్నా, కింద వాళ్ళు మళ్ళీ గొడవ పెడతారు" అంది అక్షయ లోపల్నుంచి.

"గాలి అటు ఉంది. నన్నేం చెయ్యమంటావు?"

అక్షయ ఇంటర్ చదువుతోంది. ఈ బిస్కెట్ల గొడవ ఇంట్లోకి తెచ్చింది ఆ పిల్లే. ఫోన్లో ఎవరో చేస్తుంటే చూసి, "ఓవెన్ అక్కర్లేదట, గుడ్డు అక్కర్లేదట, మనింట్లో కూడా కుదురుతుంది" అని తండ్రికి చూపించింది. చక్కెర, పాలు, వెన్న, కోకో పొడి కలిపి ఉడికించడం, వేరుశనగ ముద్ద, ఓట్సు అందులో కలపడం, చెంచాతో బిళ్ళలుగా పెట్టి ఆరనివ్వడం. చూడ్డానికి అంతే. మొదటిసారి చేసినవి ఎంతకీ గట్టిపడలేదు. ముగ్గురూ గిన్నె చుట్టూ కూర్చుని చెంచాలతో తిన్నారు. రెండోసారి పాకం ముదిరి, చేత్తో పట్టుకుంటే ఇసకలా రాలిపోయాయి.

దాంతో విశ్వేశ్వర్‌కి పంతం పట్టుకుంది. ఇబ్రహీంపట్నం దగ్గర రంగుల కంపెనీలో ల్యాబ్ అంతా అతని చేతిమీద నడిచింది. ఏ రంగు ఎంతసేపట్లో ఆరుతుందో, ఆరకపోతే ఎందుకు ఆరలేదో తేల్చి చెప్పడమే అక్కడ అతని పని. నిరుడు ఆ యూనిట్ మూసేశారు. ఇప్పుడు ఈ ఇంట్లో ఆరనిది ఇదొక్కటే.

"వీడియోలో ఒక్క నిమిషం మరిగిస్తే చాలంది కదా" అంది అక్షయ.

"వాళ్ళ ఊళ్ళో చాలేమో. ఇక్కడ వానాకాలం. ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారుతోంది."

ఈసారి గడియారం చూడలేదు. పళ్ళెంలో చన్నీళ్ళు పోసి పక్కన పెట్టుకున్నాడు. కోకో వేసిన పాకం చిక్కగా, నల్లగా బుడగలు వేస్తుంటే గరిటె కొసతో ఒక చుక్క తీసి నీళ్ళలో వదిలాడు. విచ్చిపోయింది. కాసేపాగి ఇంకో చుక్క వేశాడు. వేలితో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ అయింది. అమ్మ పాకం పట్టేటప్పుడు పక్కన కూర్చుని చూసినదే. ఇన్నాళ్ళకి వేలికి తగిలింది. గబగబా పొయ్యి ఆపి, మిక్సీలో నూనె వదిలేదాకా తిప్పి పెట్టుకున్న వేరుశనగ ముద్ద వేసి, ఓట్సు పోసి, చెయ్యి నొప్పెట్టేలా కలిపాడు. నెయ్యి రాసిన అరిటాకు మీద చెంచాతో బిళ్ళలు పెట్టి, ఫ్యాను వేసి, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

జ్ఞానేశ్వరి బ్యాంకు నుంచి వచ్చేసరికి బిళ్ళల మెరుపు తగ్గి పైన మసకబారాయి. అంటే ఆరినట్టే. చేతిసంచీ భుజాన్నుంచి దించకుండానే ఒకటి నోట్లో వేసుకుంది.

"ఏమండీ, కుదిరాయి!"

"కుదరక?" అన్నాడు గానీ మొహం దాచుకోలేకపోయాడు.

ఆమె రెండోది అందుకుంటూ, "రేపు దుర్గాప్రసాద్ గారికి సెండాఫ్. కాకినాడ వెళ్ళిపోతున్నారు. ఇవి మా బ్రాంచికి పట్టుకెళ్తా" అంది.

ఆ సాయంత్రమే ఇంకో వాయి చేశాడు. పొద్దున ఆమె స్నానం చేసి వచ్చేలోపు స్టీలు డబ్బాలో వరసలుగా సర్ది, వరసకీ వరసకీ మధ్య అరిటాకు ముక్క వేశాడు. జ్ఞానేశ్వరి ఆ డబ్బా వంక చూసింది.

"డబ్బా వద్దండీ. అట్టపెట్టె ఏదైనా ఉందేమో చూడండి."

అక్షయ పుట్టినరోజుకి తెచ్చిన కేకు పెట్టె అటక మీద ఉంది. ఆమే స్టూలెక్కి తీసి, గుడ్డతో తుడిచి, బిళ్ళలన్నీ అందులోకి మార్చింది. డబ్బా మళ్ళీ మోసుకురావడం చిరాకు కాబోలనుకున్నాడు విశ్వేశ్వర్.

మధ్యాహ్నం భోజనం ముగించి టేబుల్ తుడుస్తుంటే ఆమె కళ్ళజోడు కనిపించింది. అది లేకపోతే ఆవిడకి కంప్యూటర్లో అక్షరం ఆనదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. సెండాఫ్ హడావుడిలో ఉండి ఉంటుంది. చొక్కా మార్చుకుని, స్కూటర్ తీశాడు. పటమటలో వాళ్ళ ఇంటి నుంచి బెంజ్ సర్కిల్ దగ్గరున్న బ్యాంకు దూరమేం కాదు గానీ, ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే బయటపడ్డం కష్టం. చినుకులు పడుతున్నాయి. వెళ్ళేసరికి బ్రాంచిలో జనం పల్చబడ్డారు. లోపల కౌంటర్ల వెనక టేబుల్ చుట్టూ స్టాఫంతా నిలబడి కాగితం పళ్ళేలు పట్టుకుని తింటున్నారు. కేకు పెట్టె తెరిచి ఉంది.

తను చేసినవి నలుగురూ తినడం విశ్వేశ్వర్ చూడ్డం అదే మొదలు. దుర్గాప్రసాద్ గారు కాబోలు, ఓ పెద్దమనిషి ఒకటి తిని, మాట్లాడుతూనే చెయ్యి మళ్ళీ పెట్టెలోకి పోనిచ్చాడు. విశ్వేశ్వర్ గాజు తలుపు తోసి లోపలికి వచ్చి, చెక్కుల డబ్బా ఉన్న స్తంభం పక్కన ఆగాడు. తినడం అయ్యాక పిలుద్దామనుకున్నాడు.

"ఇదేం బిస్కెట్ అండీ బాబూ, ఎంత బాగుంది!" అంది ఒకావిడ. ఆమె ఎలిజబెత్ అని అతనికి తెలుసు. జ్ఞానేశ్వరి పక్క సీటే, గుణదల నుంచి వస్తుంది. ఇంట్లో ఆమె పేరు వినని రోజుండదు. "ఏ బేకరీవండీ మేడమ్?"

జ్ఞానేశ్వరి పళ్ళేలు పంచుతూ తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"ఇక్కడే, బెంజ్ సర్కిల్ దగ్గర. కొత్తగా పెట్టారు. ఏదో ఇంగ్లీషు పేరు."

"సార్ తెచ్చారా?"

"ఆయనెక్కడండీ? కన్సల్టెన్సీ పని మీద హైదరాబాద్‌లో ఉన్నారు."

విశ్వేశ్వర్ చేతిలో కళ్ళజోడు పెట్టె ఉంది. ఒక అడుగు వేస్తే ఆమెకి కనబడతాడు. కనబడితే హైదరాబాద్‌లో ఉన్న మనిషి విజయవాడలో తడిసిన చొక్కాతో ఎందుకు నిలబడ్డాడో ఆమె చెప్పుకోవాలి. స్తంభం చాటు నుంచే వెనక్కి తిరిగి, తలుపు దగ్గర గార్డు చేతిలో కళ్ళజోడు పెట్టాడు.

"జ్ఞానేశ్వరి మేడమ్‌కి ఇచ్చెయ్యి."

"ఎవరిచ్చారని చెప్పమంటారు సార్?"

"ఆవిడకి తెలుస్తుందిలే" అని మెట్లు దిగాడు.

ఆ రాత్రి వంట ఎప్పటిలాగే చేశాడు. బీరకాయ పప్పు, చారు. జ్ఞానేశ్వరి వచ్చి ఖాళీ పెట్టె టేబుల్ మీద పెట్టి, "ఒక్కటి మిగల్లేదండీ" అంది. మామూలుగా అనబోయిన మాటే అయినా గొంతు మామూలుగా లేదు.

"ఏమన్నారు?"

"చాలా బాగున్నాయన్నారు."

ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు చూశాడు. ఆమె కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళింది. తిరిగొచ్చి పళ్ళెం ముందు కూర్చున్నాక, "కళ్ళజోడు మీరే తెచ్చారా?" అని అడిగింది.

"ఆఁ."

"లోపలికి రాకపోయారా?"

"పని ఉంది" అన్నాడు విశ్వేశ్వర్. ఏం పని అని ఆమె అడగలేదు. అతను విన్నాడో లేదో ఆమెకి తెలియదు. అడిగితే తెలిసిపోతుందని భయం. అన్నం కలుపుతూ ఆమె చెయ్యి ఆగుతోంది. అది చూసి కూడా అతను చారు వడ్డించడానికే లేచాడు.

మర్నాడు, ఆ మర్నాడు కూడా అతను పొయ్యి దగ్గర కావలసిన దానికంటే ఎక్కువసేపు నిలబడలేదు. వేయించడానికని తెచ్చిన వేరుశనగ గుళ్ళ పొట్లం అలాగే ఉంది. భార్య క్యారేజీ సర్దాడు, కూతురి షూ లేసు తెగితే కొత్తది తెచ్చాడు, బట్టలు ఆరేశాడు. చెయ్యవలసినవన్నీ చేశాడు. బట్టలు ఆరేస్తుంటే ఎదుటి బిల్డింగ్ బాల్కనీలోకి ఎవరో వచ్చారు. చేతిలో చీర అలాగే వదిలేసి లోపలికి వచ్చేశాడు. ఇన్నాళ్ళూ అలా చేస్తున్నాడా, ఇవాళే చేశాడా అన్నది అతనికే గుర్తు రాలేదు.

"మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదా?" అంది అక్షయ ఇద్దరి మధ్యా కూర్చుని కాఫీ తాగుతూ.

"మాట్లాడుకుంటున్నాంగా" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

శనివారం సాయంత్రం జ్ఞానేశ్వరి వంటింట్లోకి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అక్షయ ట్యూషన్‌కి వెళ్ళింది. కుక్కరు పొయ్యి మీద ఉంది. విశ్వేశ్వర్ కత్తిపీట ముందు కూర్చుని గోంగూర ఆకు తుంపుతున్నాడు.

"రేపు ఎలిజబెత్ వాళ్ళ అమ్మాయి పుట్టినరోజు" అంది.

"ఊఁ."

"ఆ బిస్కెట్లు కావాలట. నిన్న ఆ బేకరీ కోసం బెంజ్ సర్కిల్ అంతా తిరిగిందట పాపం, దొరకలేదని వచ్చి చెప్పింది. నేనే తెప్పించి ఇస్తానన్నా. రేపు చర్చి నుంచి వస్తూ మనింటికొచ్చి తీసుకుంటుంది."

"దొరుకుతాయిలే. కొత్తగా పెట్టారుగా. ఏదో ఇంగ్లీషు పేరు."

జ్ఞానేశ్వరి కళ్ళు దించుకుంది. విన్నాడన్నమాట.

"ఏమండీ..."

"నాకు పట్టింపేం లేదు జ్ఞానా. బాగా కుదరకపోతే నువ్వు బేకరీ అన్నా నేనేమీ అనుకోను. బాగున్నాయి. నేను చూశాను, ఆ పెద్దాయన రెండోది కూడా తీసుకున్నాడు. బాగున్నవి కూడా నావని చెప్పుకోడానికి నీకు సిగ్గేసింది. మొగుడు ఇంట్లో కూర్చుని గరిటె తిప్పుతున్నాడని నలుగురికీ తెలిస్తే నీ పరువు పోతుంది. డబ్బా మోసుకురావడం చిరాకై అట్టపెట్టె అడిగావనుకున్నాను నేను, బేకరీవని చెప్పడానికనుకోలేదు." గోంగూర కాడలు ఒకవైపూ ఆకు ఒకవైపూ పడాల్సింది పోయి రెండూ కలిసిపోయాయి. "నేను అక్కడే ఉన్నాను. నన్ను నువ్వు హైదరాబాద్ పంపించావు."

ఆమె నోరు తెరిచేలోపు ఫోన్ మోగింది. అతని ఫోనే. గుడివాడ నుంచి అన్నయ్య జానకిరామయ్య. విశ్వేశ్వర్ చేతులు లుంగీకి తుడుచుకుని ఎత్తాడు.

"ఆఁ అన్నయ్యా! బాగున్నాను. లేదు, బయట ఉన్నాను... ఆఁ, క్లయింటుతో. హోటల్లో కలుద్దామన్నాడు... పనులకేం, ఊపిరి సలపడం లేదు. వచ్చే నెల వైజాగ్‌లో ఏదో ప్రాజెక్టు అంటున్నారు..."

కుక్కరు సన్నగా బుసకొట్టడం మొదలుపెట్టింది. ఇంకో క్షణంలో కూత వేస్తుంది. విశ్వేశ్వర్ అరచేత్తో ఫోన్ మూసి కంగారుగా అటు చూశాడు.

జ్ఞానేశ్వరి అప్పటికే పొయ్యి దగ్గరికి వెళ్ళింది. చప్పుడు కాకుండా గ్యాస్ కట్టేసింది. కుక్కరు కూత వెయ్యకుండానే అణిగింది. అంతటితో ఊరుకోకుండా, పక్కింటి టీవీ వినబడుతుందని కిటికీ రెక్క కూడా దగ్గరికి వేసింది. కంగారేమీ పడలేదు. చేసి చేసి అలవాటైన పనిలా చేసింది.

"సరే అన్నయ్యా, వాళ్ళొచ్చారు, మళ్ళీ చేస్తా" అని విశ్వేశ్వర్ ఫోన్ పెట్టేశాడు.

వంటిల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆమె కింద పీట వాల్చుకుని కూర్చుని, అతను కలిపేసిన గోంగూర నుంచి కాడలు ఏరడం మొదలుపెట్టింది.

"కంపెనీ మూసేసిన రోజు నేను మిమ్మల్ని తీసుకురావడానికొచ్చాను. గుర్తుందా? ఆటోలో ఒక్కటే మాట అన్నారు. ఎవరికీ చెప్పకు అని" అంది. "నేను చెప్పలేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు. అమ్మ ఫోన్ చేసి అల్లుడు గారు ఎలా ఉన్నారంటే ఊళ్ళు తిరుగుతున్నారని చెప్తున్నాను. ఎలిజబెత్ రోజూ నా పక్కనే కూర్చుని తన ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటుంది. నేను నోరు కట్టేసుకుని కూర్చుంటాను. మొన్న ఆవిడ ఏ బేకరీవని అడిగినప్పుడు మావారే చేశారండీ అని నోటిదాకా వచ్చింది. ఎందుకు ఇంట్లో ఉన్నారని అడుగుతుంది కదా తర్వాత? అక్కడ ఆగిపోయాను."

విశ్వేశ్వర్ ఒక కాడ తీసి, మళ్ళీ ఆకులోనే వేశాడు.

"సిగ్గు నాది కాదండీ" అంది ఆమె. కోపంగా అనలేదు. కోపంగా అనివుంటే అతనికి కాస్త సులువుగా ఉండేది.

పీట మీంచి ఆమె లేచి వెళ్ళాక చాలాసేపు అతను అక్కడే కూర్చున్నాడు. మూతపడ్డ కిటికీ వంకా, కూత పెట్టకుండా ఆగిన కుక్కరు వంకా మార్చి మార్చి చూశాడు. ఎన్నిసార్లు ఇలా పొయ్యి ఆపి ఉంటుంది? ఎన్నిసార్లు టీవీ గొంతు తగ్గించి ఉంటుంది? కూతురికి కూడా సైగ చేసి ఉంటుంది. ఒక్కసారి కూడా తను గమనించలేదు.

తర్వాత లేచి వేరుశనగ గుళ్ళ పొట్లం విప్పాడు.

ఆదివారం పొద్దున్నుంచీ ఒకటే ముసురు. అక్షయ గుళ్ళు మూటలో పోసి రుద్దింది, జ్ఞానేశ్వరి చెరిగింది. మొదటి రెండు వాయిలూ మాట తప్పకుండా ఆరాయి. పుట్టినరోజు కదా, పిల్లలు ఎక్కువమంది వస్తారేమో అని మూడో వాయి వేసేటప్పటికి గాలిలో తేమ ఇంకా పెరిగింది. బిళ్ళలు వేలు పెడితే అంటుకుంటున్నాయి. ఫ్యాను దగ్గరికి జరిపారు. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

జ్ఞానేశ్వరి భర్త వంక చూసింది. ఇలాంటప్పుడు అతను పడగ్గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకోవడం ఆ ఇంట్లో ఎవరూ పైకి చెప్పుకోకుండా అలవాటైన ఏర్పాటు. ఆరిన బిళ్ళల పెట్టె హాల్లో టేబుల్ మీద సిద్ధంగా ఉంది. ఇచ్చి పంపేస్తే సరిపోతుంది. ఆమె వెళ్ళి తలుపు తీసింది. ఎలిజబెత్ గొడుగు బయటే ముడిచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ వచ్చింది.

"అబ్బ, ఏం వాన మేడమ్! దొరికాయా? మీ పుణ్యమా అని మా అమ్మాయి దగ్గర మాట దక్కింది."

లోపల విశ్వేశ్వర్ చేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో కోకో. లుంగీ మీద ఓట్సు పలుకులు. చొక్కా వేసుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. చొక్కా కోసం పడగ్గదిలోకి వెళ్తే మళ్ళీ బయటికి రాడని అతనికి తెలుసు. బనీను మీద తువ్వాలు కప్పుకుని, బిళ్ళలున్న పళ్ళెం రెండు చేతులా పట్టుకుని హాల్లోకి వచ్చాడు.

"నమస్కారమండీ ఎలిజబెత్ గారూ. కొంచెంసేపు కూర్చోవాలి మీరు. ఆఖరి వాయి ఇంకా ఆరలేదు."

ఎలిజబెత్ అతని మొహం చూసింది, పళ్ళెం చూసింది, వేళ్ళు చూసింది.

"అన్నయ్య గారూ! మీరెప్పుడొచ్చారు హైదరాబాద్ నుంచి?"

"వెళ్ళలేదండీ. ఇంట్లోనే ఉన్నాను. నిరుడు మా కంపెనీ మూసేశారు. అప్పట్నుంచీ ఇంట్లోనే." ఆ మాట ఇంత చిన్నదని అతను అనుకోలేదు. చెప్పడం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు. "ఇవి నేనే చేస్తాను."

అక్షయ గుమ్మంలోనే నిలబడిపోయింది. జ్ఞానేశ్వరి కుర్చీ వీపు పట్టుకుంది.

ఎలిజబెత్ కాసేపు తబ్బిబ్బయింది. తర్వాత జ్ఞానేశ్వరి వైపు తిరిగింది. "మరి బేకరీ అన్నారేంటి మేడమ్? నేను ఆ వీధులన్నీ తిరిగాను." ఆమె గొంతులో కోపం లేదు గానీ నొచ్చుకోవడం ఉంది. అంతకాలం పక్కపక్కన కూర్చున్న మనిషి తనని ఎందుకు తిప్పించిందో ఆమెకి బోధపడలేదు.

జ్ఞానేశ్వరి మొహం కందిపోయింది. ఏదో చెప్పబోయింది.

"నేనే చెప్పమన్నానండీ అలాగని" అన్నాడు విశ్వేశ్వర్. "ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆవిడ తప్పేం లేదు. నా మాట నిలబెట్టడానికి మీ దగ్గర కూడా అబద్ధమాడాల్సి వచ్చింది. మిమ్మల్ని వానలో తిప్పింది నేనే. ఏమీ అనుకోకండి."

జ్ఞానేశ్వరి అతన్నే చూస్తోంది. కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఏడ్చినట్టు తెలుస్తుందని కాబోలు, ఫ్యాను కేసి మొహం తిప్పి ఆరనిచ్చింది.

ఎలిజబెత్ సోఫాలో కూర్చుంది. "పాపం" అనలేదు. ఇన్నాళ్ళూ అతను భయపడిన మాట అదే. పళ్ళెంలో కొసన ఉన్న బిళ్ళని వేలితో ముట్టుకుని, వేలికంటిన చాక్లెట్ నాకి, "నిజంగానే ఆరలేదు" అంది. "ఎంతసేపు పడుతుంది?"

"ఈ ముసురులో చెప్పలేను."

"అయితే కాఫీ తాగి వెళ్తాను. కేకు కోసేది సాయంత్రం. ఇంట్లో ఆ పిల్లమూక దగ్గరికి ఇప్పుడే వెళ్ళి ఏం చెయ్యాలి?"

జ్ఞానేశ్వరి లేవబోయింది.

"నువ్వు కూర్చో" అన్నాడు విశ్వేశ్వర్. "ఆవిడతో మాట్లాడు."

వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాడు. నిన్న వేసిన కిటికీ ఇంకా మూసే ఉంది. తీశాడు. వాన చప్పుడూ, పక్కింటి టీవీ గోలా ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. వాటి మధ్య నుంచి హాల్లో జ్ఞానేశ్వరి గొంతు వినబడుతోంది. ముందు మెల్లగా, తర్వాత గబగబా. ఎప్పట్నుంచో ఆపుకున్నవన్నీ ఒక వరసా క్రమమూ లేకుండా చెబుతోంది. ఎలిజబెత్ మధ్యలో "అయ్యో, అప్పుడెందుకు చెప్పలేదండీ" అంటోంది. పాలు పొంగడానికి ఇంకా టైముంది. విశ్వేశ్వర్ మంట ఇంకాస్త తగ్గించాడు.